కింద పడినోడికే పాయింటెందుకు? జూడోలో ‘సుతెమి’ విసుర్ల లెక్క

సంక్షిప్తంగా: తాను నేలకు పడుతూ ఎదుటి మనిషిని విసిరే పద్ధతులను జూడోలో సుతెమి వాజా అంటారు. ఇందులో ఎదుటివాడి నిలకడ ముందు చెడాలి, తాను పడటం ఆ తర్వాత జరగాలి. ఈ వరస తిరగబడితే అది విసురు కాదు, ఉత్త పడుకోవడమే. రిఫరీ ఇచ్చే స్కోరు, దెబ్బలు తగిలే తీరు, పిల్లలకు వీటిని ఎప్పుడు నేర్పాలన్న ప్రశ్న, అన్నీ ఈ వరసతోనే ముడిపడి ఉన్నాయి.

స్కూల్ గేమ్స్ సెలక్షన్ల రోజుల్లో నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా జూడో మ్యాట్ పక్కన కాసేపు నిలబడితే ఇలాంటి మాట చెవిన పడుతుంది: “ఏందబ్బా ఇది, కిందపడినోడికి పాయింట్ ఇచ్చినారు?” అడిగేవాళ్ల తప్పేమీ లేదు. ఇద్దరు పిల్లలు ఒకరి కాలరు ఒకరు పట్టుకుని తోసుకుంటూ ఉంటారు. ఉన్నట్టుండి ఒకడు వెల్లకిలా పడతాడు. వాడు ఓడాడని అనుకునేలోపే రెండోవాడు గాల్లో గిరికీ కొట్టి, పడినవాడి తల మీదుగా అవతలికి పోయి వీపు మీద పడతాడు. రిఫరీ చెయ్యి నిటారుగా పైకి లేస్తుంది. ఆట అయిపోతుంది. ముందు పడిందెవరో అందరూ చూశారు, గెలిచింది మాత్రం వాడే.

మన దేశంలో జూడో ఈమధ్య వార్తల్లోకి ఎక్కుతోంది. 2022లో లింథోయ్ చనంబం ప్రపంచ క్యాడెట్ (18 ఏళ్లలోపు వాళ్ల) పోటీల్లో స్వర్ణం గెలిచింది. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో సుశీలా దేవి, తులికా మాన్ రజతాలు తెచ్చారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కపిల్ పర్మార్ కాంస్యం అందుకున్నాడు. అయితే కబడ్డీ, కుస్తీ చూసి పెరిగిన కంటికి ఈ ఆట నియమాలు ఇంకా కొత్తే. ఎక్కువ తికమక పెట్టేది ఈ సుతెమి విసుర్లే.

వీపు ఆనితే ఓటమి అన్నది కుస్తీ లెక్క

మన ఊళ్ల కుస్తీలో వీపు నేలకు ఆనితే చిత్తయినట్టే. అంతర్జాతీయ రెజ్లింగ్‌లో కూడా రెండు భుజాలనూ మ్యాట్‌కు అదిమితే ఆట ముగుస్తుంది. చూసేవాళ్లు అదే లెక్కను జూడోకూ వేస్తారు.

జూడో రిఫరీ చూసేది వేరు. పూర్తి పాయింటు, అంటే ఇప్పొన్, ఇవ్వాలంటే ఎదుటి మనిషి వీపు మీద పడాలి, వేగంగా పడాలి, బలంగా పడాలి. వీటితోపాటు ఆ పడటం మొదటి నుంచి చివరిదాకా విసిరినవాడి అదుపులో ఉండాలి. వీటిలో ఏదైనా కొంత తగ్గితే వాజా ఆరి. రెండు వాజా ఆరిలు కలిస్తే ఇప్పొన్. విసిరిన మనిషి ఆ క్షణంలో నిలబడి ఉన్నాడా, మోకాళ్ల మీద ఉన్నాడా, వెల్లకిలా ఉన్నాడా అన్నది ఈ లెక్కలోకి రాదు. ఎవరి వీపు నేలకు ఆనిందన్నది అసలు ప్రశ్న కాదు. ఎవరి నిర్ణయంతో, ఎవరి అదుపులో ఆనిందన్నదే ప్రశ్న.

ఇందులోంచే ఇంకో సంగతి బయటపడుతుంది. సుతెమి వేయబోయి విఫలమై తన వీపు మీద తానే పడ్డవాడి వల్ల ఎదుటివాడికి ఊరికే పాయింటు రాదు. ఎదుటివాడు ఆ పడటాన్ని తన చేతుల్లోకి తీసుకుని, తిరగేసి, తానే పడేసినట్టు చూపించాలి. అప్పుడే స్కోరు. ఇద్దరూ ఒకేసారి పడి, ఎవరు ఎవరిని వేశారో తేలకపోతే ఎవరికీ ఏమీ ఉండదు. గ్యాలరీలో గొడవలు మొదలయ్యేది ఎక్కువగా ఇలాంటి చోటే.

పేరులోనే ఉన్న సంగతి

‘సుతె’ అంటే వదులుకోవడం, ‘మి’ అంటే ఒళ్లు. తన నిలకడను తానే వదులుకుని వేసే విసురు అని అర్థం. ఇంగ్లిష్ పేరు ‘శాక్రిఫైస్ త్రో’ను బట్టి ‘త్యాగం’ అనే మాట వాడుకలోకి వచ్చింది గానీ అది కాస్త పెద్ద మాట. ఇక్కడ జరిగేది త్యాగం కాదు, పెట్టుబడి. నిలబడి ఉండటమనే ఆస్తిని పెట్టి ఎదుటివాడి వీపు కొనుక్కోవడం. పెట్టుబడి కనక మునిగిపోయే వీలూ ఉంది.

జిగొరో కానో 1882లో టోక్యోలో కొదోకాన్ అనే జూడో బడి మొదలుపెట్టి, పాత జుజుత్సు పట్లను వడగట్టి జూడోగా మలిచాడు. ఈ విసుర్లను ఆయన ఎంత ముఖ్యమైనవిగా ఎంచాడో నాగె నో కతా చూస్తే అర్థమవుతుంది. జూడో విసుర్లకు నమూనాగా ఇద్దరు కలిసి చేసి చూపే ఆ వరసలో 15 విసుర్లుంటే, వాటిలో 6 సుతెమివే. మూడు వెనక్కి పడేవి: తొమోయె నాగె, ఉరా నాగె, సుమి గాయెషి. మూడు పక్కకు పడేవి: యోకో గాకె, యోకో గురుమా, ఉకి వాజా. కొదోకాన్ నేడు గుర్తించే 68 విసుర్లలోనూ ఈ రెండు జాతులూ వేర్వేరు గుంపులుగా ఉన్నాయి.

వరి పండించే నెల్లూరు వాళ్లకు వీటిలో ఒక పేరు వెంటనే దగ్గరవుతుంది. తవారా గాయెషి. తవారా అంటే గడ్డితో అల్లిన బియ్యం బస్తా. జపాన్‌లో ఒక తవారాలో పట్టే బియ్యం సుమారు 60 కేజీలు. మన వడ్ల బస్తా 75. ముందుకు ఒంగి మీదికొచ్చే మనిషిని పైనుంచి నడుం చుట్టూ వాటేసుకుని, తాను వెనక్కి పడుతూ బస్తాలా తల మీదుగా తిరగేయడమే ఆ విసురు. ఇప్పుడది పోటీల్లో అరుదు. కాళ్లు పట్టుకోవడానికి ఒంగి దూసుకొచ్చేవాడి మీద అది బాగా పనిచేసేది. 2010 నుంచి నిలబడి ఆడేటప్పుడు కాళ్లు పట్టడం మీద నిషేధం మొదలై, 2013 నాటికి పూర్తిగా బిగుసుకుంది. ఒంగి వచ్చేవాడే లేనప్పుడు ఆ బస్తా ఎక్కడ దొరుకుతుంది?

ఏతం తొక్కిన లెక్క

సుతెమిలో బలం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పడానికి కరెంటు మోటార్లు రాకముందు మన బావుల మీద ఉన్న ఏతాన్ని మించిన ఉదాహరణ లేదు. ఏతం తొక్కే మనిషి నీళ్ల బానను చేతులతో తోడడు. దూలం మీద వెనక్కి నాలుగడుగులు వేస్తాడు. అతని బరువుకు ఆ కొస దిగుతుంది, ఈ కొసన బావిలోంచి బాన లేస్తుంది. కండ చేసే పని నడక వరకే. ఎత్తే పని ఒంటి బరువుది.

జూడోలోనూ అంతే. యాభై కేజీల పిల్లవాడు యాభై కేజీల మరో పిల్లవాణ్ని చేతుల బలంతో ముందుకు లాగాలంటే కష్టం. ఎదుటివాడు కాళ్లు తన్నిపెట్టి నిలబడితే కదలడు. కానీ ఆ కాలరుకు యాభై కేజీల బస్తా ఉన్నట్టుండి వేలాడితే? లాగేవాడు తన కాళ్ల మీద నిలబడి ఉన్నంతసేపూ వాడి బరువును వాడి కాళ్లే మోస్తున్నాయి. నిలకడ వదిలేసిన క్షణం నుంచి ఆ బరువంతా చేతుల గుండా ఎదుటివాడి కాలరు మీదికి మారుతుంది. ఒడ్డున అలివి వల లాగే మత్స్యకారులు కూడా మోచేతులు మడిచి లాగరు. మడమలు ఇసుకలో దిగేసి, ఒళ్లంతా వెనక్కి వాల్చి తాడుకు వేలాడతారు.

అయితే ఏతానికీ సుతెమికీ ఒక పెద్ద తేడా ఉంది. ఏతం దూలానికి ఆనుగా నిలిచే స్తంభం నేలలో పాతి ఉంటుంది. జూడోలో ఆ స్తంభం పని చేసేది విసిరేవాడి పాదమో, పిక్కో, తుంటో. అదీ మనిషితోపాటే కిందికి దిగుతూ ఉంటుంది. అందుకే అది ఎక్కడ దిగిందన్నది ప్రాణం లాంటి విషయం. ఎదుటివాడి పాదాల మధ్యకు, వాడి బరువు కిందికి దిగితే వాడు ఆ ఆను మీదుగా తిరగక తప్పదు. ఒక అడుగు ఇవతల దిగితే లాగుడు మాత్రమే ఉంటుంది, తిరుగుడు ఉండదు. వాడు రెండడుగులు ముందుకేసి నిలదొక్కుకుంటాడు. నేల మీద పడుకున్నవాడు వాడి కాళ్ల ముందు దొరికిపోతాడు.

టైం కూడా చాలా తక్కువ. పెద్దవాళ్లలో ఒంటి బరువు కేంద్రం బొడ్డుకు కాస్త కింద, నేలకు సుమారు మీటరు ఎత్తులో ఉంటుంది. ఏ ఆధారమూ లేకుండా మీటరు ఎత్తు నుంచి నేలను చేరడానికి పట్టేది 0.45 సెకను. హైస్కూలు పిల్లలకు ఇంకొంచెం తక్కువ. పడటం మొదలెట్టాక ఆలోచించుకోవడానికి, సర్దుకోవడానికి ఆ అర సెకను చాలదు. కాబట్టి జరగాల్సినదంతా పడకముందే జరిగి ఉండాలి.

తొమోయె నాగె, దగ్గర నుంచి

తొమోయె అంటే కామా ఆకారంలో సుడి తిరిగే జపాన్ చిహ్నం. విసురులో ఇద్దరి ఒళ్లూ తిరిగే తీరు అలా ఉంటుంది. సినిమా ఫైట్లలో కడుపులో కాలు పెట్టి వెనక్కి విసిరే సీనుకు మూలం ఇదే. సినిమాలో అది తన్ను. జూడోలో కాదు.

ఏ విసురుకైనా జూడోలో మూడు దశలు చెబుతారు. కుజుషి, అంటే నిలకడ చెడగొట్టడం. త్సుకురి, అంటే తన ఒంటిని సరైన చోట అమర్చుకోవడం. కాకె, అంటే వేసేయడం. తొమోయె నాగెలో మొదటిది చేతుల్లోనే ఉంది. ఒక చేత్తో ఎదుటివాడి చొక్కా చెయ్యి, రెండో చేత్తో కాలరు పట్టుకుని, కాస్త పైకీ తన వైపుకూ లాగాలి. కిందికి లాగితే వాడు నడుం దించి గట్టిగా నిలబడతాడు. పైకి లాగితే మడమలు లేచి ముని వేళ్ల మీదికి వస్తాడు. ఊరికే లాగినా రాడు. వాడు తోసినప్పుడు లాగాలి. తాడు లాగుడు పోటీలో అవతలి జట్టు చటుక్కున వదిలేస్తే ఇవతలివాళ్లు వాళ్ల బలంతో వాళ్లే పడతారు కదా, దానికి తిరగబెట్టు ఇది. తోసేవాడికి ఎదురు తోపు మాయమైతే వాడి ఒళ్లు వాడి పాదాలను దాటి ముందుకొచ్చేస్తుంది.

మడమలు లేచిన ఆ క్షణంలో విసిరేవాడి ఎడమ పాదం ఎదుటివాడి రెండు పాదాల మధ్యకు లోతుగా వెళ్లాలి. తర్వాత కూర్చోవడం. పడటం కాదు, కూర్చోవడమే. పిరుదులు తన ఎడమ మడమకు తగిలేంత దగ్గరగా దిగాలి. నేర్చుకునేవాళ్లు ఎక్కువ మంది తప్పు చేసేది ఈ ఒక్క చోటే. భయంతో వెనక్కి, దూరంగా పడతారు. దూరంగా పడితే ఎదుటివాడి కింద ఉండాల్సిన మనిషి ఎదుటివాడి ముందు ఉంటాడు.

కూర్చుంటూ ఉండగానే కుడి పాదం ఎదుటివాడి పొత్తికడుపు మీద, బెల్టు కిందుగా ఆనుతుంది. మోకాలు మడిచే ఉండాలి. ఆ పాదం తోసేది కాదు, మోసేది. ఎదుటివాడి బరువు దాని మీద పూర్తిగా ఎక్కేదాకా మోకాలు చాపకూడదు. తొందరపడి చాపితే తన్నినట్టవుతుంది, వాడు వెనక్కి పోతాడు, లాగే చేతులూ తోసే కాలూ ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి. బరువు ఎక్కిందని పాదానికి తెలిశాక కాలు పైకి చాపుతూ, చేతులు ఆపకుండా తన తల మీదుగా అర్ధచంద్రాకారంగా లాగుతూ పోవాలి. వీపు గుండ్రంగా, గడ్డం ఛాతీకి ఆనించి ఉంటుంది. ఎదుటివాడు తల మీదుగా తిరిగి వీపు మీద పడతాడు. చొక్కా చెయ్యి పట్టుకున్న చేయి చివరిదాకా వదలకూడదు. అదుపు ఎవరిదో రిఫరీకి చూపేది ఆ చెయ్యే, పడేవాడి తల నేలకు కొట్టుకోకుండా కాపాడేదీ అదే.

పెద్ద పోటీల్లో ఈ సూటి పద్ధతి కన్నా పక్కవాటు పద్ధతే ఎక్కువ కనిపిస్తుంది. ఎదుటివాడి కింద సూటిగా కాకుండా అడ్డంగా జారి, పాదాన్ని తుంటి మడత దగ్గర ఆనించి పక్కకు తిప్పేస్తారు. సూటిగా వెళ్తే ఎదుటివాడు చేతులు చాచి, పక్కకు గెంతి తప్పించుకోగలడు. అడ్డంగా వస్తే ఏ వైపు తప్పుకోవాలో తేల్చుకునేలోపే తిరిగిపోతాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 48 కేజీల విభాగంలో స్వర్ణం గెలిచిన జపాన్ క్రీడాకారిణి నత్సుమి త్సునోదాకు పేరు తెచ్చిన ఆయుధం తొమోయె నాగె. 2021, 2022, 2023లో వరసగా ప్రపంచ టైటిళ్లు గెలిచిన ఆమె ఏం వేయబోతోందో ఎదుటివాళ్లందరికీ ముందే తెలుసు. అయినా ఆపలేకపోయారు. ఎందుకో తర్వాతి భాగంలో తెలుస్తుంది.

మిగతా విసుర్ల గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఇద్దరూ నడుం వంచి బిగుసుకుపోయినప్పుడు సుమి గాయెషి బాగుంటుంది. పాదం కడుపు మీద కాకుండా పాదం పైభాగం ఎదుటివాడి తొడ లోపలి వైపు తగులుకుంటుంది. తాని ఒతోషి అంటే లోయలో పడేయడం. ఎదుటివాడి రెండు మడమల వెనక కాలు చాచి, తాను పక్కగా వెనక్కి దిగుతూ వాణ్ని వెనక్కే పడేస్తారు. ఉరా నాగెలో ఎదుటివాణ్ని నడుం దగ్గర వాటేసి, తుంటితో లేపి వెనక్కి విసురుతారు. ఎదురుదెబ్బగా బాగా పనిచేస్తుంది. మకికోమి జాతి చుట్టేసుకునే విసుర్లు. నిలబడి మొదలెట్టిన విసురు సగంలో ఆగిపోతే, ఎదుటివాడి చేతిని చంకలో బిగించి, తన ఒంటిని చుట్టలా తిప్పుతూ నేలకు పోవడం. బరువు ఎక్కువున్న విభాగాల్లో ఇవి ఎక్కువ.

విఫలమైతే ఏమవుతుంది

నిలబడి వేసే విసురు విఫలమైతే మనిషి నిలబడే ఉంటాడు. మళ్లీ పట్టు పట్టొచ్చు. సుతెమి విఫలమైతే వెల్లకిలా నేల మీద ఉంటాడు, ఎదుటివాడు పైన ఉంటాడు. నేల మీద అదిమి పట్టి 20 సెకన్లు ఉంచితే ఇప్పొన్, 10 సెకన్లకే వాజా ఆరి. అంటే సరిగా పడని ఒక్క తొమోయె నాగె ఆటనే పోగొట్టగలదు.

ఇంకో శిక్ష కూడా ఉంది. ఎదుటివాడి నిలకడ ఏమాత్రం చెడకుండా, ఊరికే పడి “ప్రయత్నించాను” అనిపించుకోవడాన్ని రిఫరీలు దొంగ దాడిగా లెక్కించి షిదో, అంటే హెచ్చరిక శిక్ష, ఇస్తారు. విసురు ఊసే లేకుండా ఎదుటివాణ్ని నేలకు లాగేసినా షిదోనే. మూడు షిదోలకు ఆట పోతుంది. వెనకబడ్డ ఆటగాడు చివరి నిమిషంలో టెన్షన్‌లో పదేపదే పడిపోతూ ఉంటే రిఫరీ వేలు చూపించేది ఇందుకే.

త్సునోదా ఈ ప్రమాదాన్ని తిరగేసి వాడుకుంది. ఆమె తొమోయె నాగె పడకపోయినా ఆ పడుకున్న చోటి నుంచే ఎదుటివాళ్ల చేతిని రెండు కాళ్ల మధ్య బిగించి, మోచెయ్యి విరిచే జుజి గతామెలోకి వెళ్లిపోతుంది. విసురును ఆపడానికి ఎదుటివాళ్లు చెయ్యి చాచి ఆనిస్తే ఆ చెయ్యే ఆమెకు దొరుకుతుంది. చెయ్యి దాచుకుంటే విసురు పడుతుంది. ముందే తెలిసినా ఆపలేకపోవడానికి కారణం ఇదే. నేల మీద ఆట రానివాళ్లకు సుతెమి సగం ఆయుధమే. జిల్లా స్థాయి పిల్లల్లో ఎక్కువ మందికి కొరవడేది ఈ రెండో సగం.

దెబ్బలు తగిలే చోట్లు

చూడటానికి సుతెమి విసుర్లు నిలబడి వేసేవాటికన్నా భయంకరంగా ఉంటాయి. నిజానికి ప్రమాదం అన్నిటిలోనూ ఒకే తీరుగా లేదు. జపాన్ బడుల్లో 1983 తర్వాత సుమారు మూడు దశాబ్దాల్లో జూడో వల్ల వంద మందికి పైగా పిల్లలు చనిపోయినట్టు లెక్కలు బయటికొచ్చాయి. 2012లో అక్కడి మిడిల్ స్కూళ్లలో యుద్ధవిద్యలను తప్పనిసరి చేసినప్పుడు దీని మీద పెద్ద చర్చ జరిగింది. తలకు తగిలిన ఆ దెబ్బల వెనక ఎక్కువగా కనిపించిన విసురు ఒసోతో గారి. అది నిలబడి, ఎదుటివాడి కాలిని తన కాలితో ఊడ్చేసి వెనక్కి పడేసేది, సుతెమి కాదు. తొమోయె నాగెలో పడేవాడు ముందుకు దొర్లుతాడు, వీపు గుండ్రంగా నేలను తాకుతుంది. వెనక్కి పడేటప్పుడు మాత్రం గడ్డం లోపలికి పెట్టడం రాకపోతే తల వెనక భాగమే ముందు తగులుతుంది.

తొమోయె నాగెలో దెబ్బ తగిలేది వేరే చోట. గాల్లోకి లేచినవాడు భయపడి చెయ్యి చాచి నేలకు ఆనిస్తాడు. ఒంటి బరువంతా ఆ మణికట్టు, మోచెయ్యి, భుజం మీద పడుతుంది. చెయ్యి చాచడం మనిషికి పుట్టుకతో వచ్చిన అలవాటు. దాన్ని మాన్పించడానికే ఉకెమి అనే పడే విద్యను వారాల తరబడి నేర్పిస్తారు. గడ్డం ఛాతీకి, చెయ్యి చాచకుండా అరచేత్తో నేలను చరచడం, భుజం నుంచి అవతలి తుంటి దాకా వాటంగా దొర్లడం.

తాని ఒతోషి సంగతి వేరు. విసిరేవాడు కాలు చాచే చోట పొరపడి ఎదుటివాడి మోకాలి పక్కన కూలబడితే, నేలకు అతుక్కున్న పాదానికీ మీద పడ్డ బరువుకీ మధ్య ఆ మోకాలు లోపలికి విరుగుతుంది. లిగమెంట్లు తెగుతాయి. చాలా మంది కోచ్‌లు కొత్తవాళ్లకు దీన్ని నేర్పరు, నేర్పకపోవడమే సరైనది. అంతకంటే ప్రమాదకరమైన కత్తెర విసురు, జపాన్ పేరు ‘కానీ బసామి’, పూర్తిగా నిషేధంలో ఉంది. 1980లో జపాన్‌లో ఓ పోటీలో జూడో దిగ్గజం యసుహిరో యమషితా కాలు విరగ్గొట్టింది ఆ విసురే. నాలుగేళ్ల తర్వాత లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఆయన స్వర్ణం గెలిచాడు గానీ, అందరి కాళ్లూ అలా అతకవు.

సముద్రం దగ్గరున్న జిల్లాలు కనక ఇంకో మాట. మైపాడులోనో కొత్తపట్నంలోనో ఇసుక మెత్తగా ఉంటుందని అక్కడ విసుర్లు ప్రాక్టీస్ చేస్తే బాగుంటుందనిపిస్తుంది. పొడి ఇసుకలో పాదం కూరుకుపోతుంది. ఒళ్లు తిరిగినప్పుడు పాదం తిరగదు, ఆ మెలి మోకాలు మీద పడుతుంది. అల తడిపిన ఇసుక మ్యాట్ కన్నా చాలా గట్టి. పరుగుకు, ఒంటి కసరత్తుకు ఇసుక మంచిదే, విసుర్లకు కాదు.

కబడ్డీ అలవాటు, కోచింగ్ వరస

ప్రకాశం, నెల్లూరు పల్లెల్లో జూడోకు వచ్చే పిల్లల్లో కబడ్డీ ఆడినవాళ్లు చాలామందే ఉంటారు. కబడ్డీలో రైడర్ కాలి మీద డైవ్ కొట్టడం మెచ్చుకోదగ్గ పట్టు. ఒంటిని ముందు పడేస్తారు, పట్టు తర్వాత దొరుకుతుంది. జూడోలో నిలబడి కాలు పడితే శిక్ష, పట్టు చిక్కకుండా పడితే దొంగ దాడి. ఈ పిల్లలకు నేల అంటే భయం తక్కువ, అది లాభమే. కానీ వరస తిరగబడి ఉంటుంది. అందుకే వీళ్లలో సుతెమి త్వరగా ‘వచ్చేసినట్టు’ కనిపిస్తుంది, సెలక్షన్‌లో మాత్రం షిదోలు పడతాయి.

నేర్పే వరసను బట్టి తేడా బాగా కనిపిస్తుంది. కూర్చుని పడటం, గొంతుకు కూర్చుని పడటం, నిలబడి పడటం, దొర్లడం. ఆ తర్వాత గానీ ఇంకొకరి చేత విసిరించుకోకూడదు. తొమోయె నాగెలో మొదట ఇద్దరూ నెమ్మదిగా, పాదం పెట్టి బరువు ఎక్కించి, తిప్పకుండా దించేయడం చేస్తారు. తర్వాత మందపాటి క్రాష్ మ్యాట్ మీద పూర్తిగా వేస్తారు. కదులుతూ వేయడం ఆపై మెట్టు, పోటీలా ఆడుకునే రందోరి ఆఖరిది. సెలక్షన్లకు నెల ముందు చేరిన పిల్లవాడికి ఈ మెట్లన్నీ ఎక్కించే టైం ఉండదు, కోచ్ మీద ఒత్తిడి ఉంటుంది. తల బరువుకు తగ్గ మెడ బలం ఇంకా రాని చిన్న పిల్లలకు ఈ విసుర్ల మీద కొన్ని దేశాల్లో పరిమితులు పెట్టింది ఇందుకే. పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులు ఏ విసురు ఎప్పుడు నేర్పుతారని కాకుండా, పడటం ఎన్ని వారాలు నేర్పుతారని అడిగితే కోచింగ్ ఎలాంటిదో తెలిసిపోతుంది.

యూకో తిరిగొచ్చాక

2016 తర్వాత తీసేసిన యూకో అనే చిన్న స్కోరును అంతర్జాతీయ సమాఖ్య 2025 నుంచి మళ్లీ తెచ్చింది. వీపు పూర్తిగా ఆనకపోయినా పక్కకు పడ్డ సందర్భాల్లో ఇప్పుడు యూకో దక్కవచ్చు. నేల మీద 5 సెకన్లు అదిమి పట్టినా యూకోనే. ఎన్ని యూకోలు కలిసినా వాజా ఆరి కాదు గానీ, స్కోర్లు సమానంగా ఉన్న ఆటను ఒక్క యూకో తేల్చేస్తుంది.

దీని ప్రభావం సుతెమి మీద రెండు వైపులా ఉంటుంది. పక్కకు తిప్పే తొమోయె నాగె, ఉకి వాజా లాంటివి సగం పండినా ఇప్పుడు ఫలం ఉంది కనక ప్రయత్నించేవాళ్లు పెరగొచ్చు. అదే సమయంలో విఫలమైన విసురుకు ఖరీదూ పెరిగింది. ఇంతకుముందు పది సెకన్లలోపు తప్పించుకుంటే ఏమీ పోయేది కాదు, ఇప్పుడు ఐదో సెకనుకే పాయింటు పోతుంది. కింద పడ్డాక గబగబా తిరగడం రానివాడికి ఈ ఐదు సెకన్ల తేడా చాలా ఎక్కువ.

రాష్ట్ర, జాతీయ పోటీలు సాధారణంగా అంతర్జాతీయ నియమాల వెంటే నడుస్తాయి కాబట్టి గ్యాలరీలో కూర్చునేవాళ్లు ఇకపై మూడు సైగలు గుర్తుపట్టాలి. చెయ్యి నిటారుగా పైకి లేస్తే ఇప్పొన్. భుజం ఎత్తులో పక్కకు చాపితే వాజా ఆరి. అంతకంటే కిందికి, 45 డిగ్రీల వాలుగా చాపితే యూకో. 2016కు ముందు జూడో చూసినవాళ్లకు ఈ మూడో సైగ పాతదే, వాళ్ల పిల్లలకు కొత్త.